పసుపు పేటెంటు కథ – పంచాయతీ రిజిస్టరు

మేము గ్రామములలో తిరుగునపుడు ఒక వార్త తరచుగా చెవిన పడుచున్నది. పంచాయతీ కార్యాలయపు అరుగుమీద కూర్చున్న పెద్దలు గాని, టీకొట్టు ముందు నిలిచిన యువకులు గాని సెల్‌ఫోనులో వచ్చిన ఒక సందేశమును చూపి, "మన పసుపు మీద అమెరికావాళ్లు హక్కు రాయించుకున్నారట. ఇక దెబ్బకు పసుపు అద్దుకోవాలన్నా వాళ్లకు డబ్బు కట్టాలట" అని చెప్పుచున్నారు. ఆ సందేశమునకు తేదీ లేదు. మొదట వ్రాసినవాని పేరు లేదు. దుగ్గిరాల యార్డుకు పసుపు తోలు రైతు ఒకరు ఈ విషయమై మమ్ము నిలదీసిరి కూడ. "ఏమండీ, మీరు గవర్నమెంటు మనుషులు. ఇంత జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నారా?" అని ఆయన ప్రశ్న.

ఊరుకొనలేదనియు, ఆ పేటెంటు 1995లో ఇవ్వబడి 1997లోనే కొట్టివేయబడినదనియు మేము ఆయనకు చెప్పితిమి. ఆయన కొంత తడవు ఆలోచించి, "అయితే తీరిపోయిన తగాదా ఇప్పుడు నాకెందుకు పంపించినట్టు?" అనిరి. పంపినవారి ఉద్దేశము మాకు తెలియదు. కాని తగాదా పూర్తిగా తీరిపోలేదనియు, మిగిలియున్న భాగము పంచాయతీ సభ్యుల చేతిలోనే ఉన్నదనియు చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా పేటెంటు అనగా నేమో చూతము. ఎవరైనను ఒక క్రొత్త వస్తువునో, క్రొత్త పద్ధతినో కనిపెట్టినయెడల, దాని మర్మమును ప్రభుత్వమునకు పూర్తిగా వ్రాసి యిచ్చినందుకు ప్రతిఫలముగా కొంతకాలము ఇతరులు దానిని తన అనుమతి లేక తయారుచేయకుండ, అమ్మకుండ నిలుపు హక్కు పొందును. మన దేశములో ఆ కాలము 20 సంవత్సరములు. గడువు తీరిన పిదప ఆ విషయము అందరిదగును. ఈ హక్కు లభించుటకు ఆ విషయము క్రొత్తది కావలెను. ఆ పనిలో ఆరితేరినవానికి సులభముగా తట్టునది కాకుండవలెను. ప్రయోజనము కలదై యుండవలెను. మొదటి షరతే అన్నింటిలో ముఖ్యమైనది. లోకమునకు ముందే తెలిసిన విషయమునకు పేటెంటు లేదు.

ఇంకొక సంగతి గూడ గుర్తుంచుకొనదగియున్నది. పేటెంటు ఇచ్చిన దేశపు సరిహద్దు దాటి చెల్లదు. అమెరికాలో ఇచ్చిన పేటెంటు అమెరికాలోనే చెల్లును. కాబట్టి పసుపు పేటెంటు బ్రతికి యున్నను తెనాలిలోనో, ఆర్మూరులోనో ఒక తల్లి బిడ్డ మోకాలికి పసుపు అద్దుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. పసుపు పంటమీద గాని, దుంపమీద గాని ఎవరికిని హక్కు ఇవ్వబడలేదు. అరుగుమీద మేము వినిన మాటలలో ఈ భాగము శుద్ధ అపోహ. అయితే నష్టమే లేదని చెప్పుటకును వీలులేదు. గాయములు మాన్పుటకు పసుపుతో తయారుచేసిన మందును మనవారు అమెరికాకు పంపి అమ్మదలచినయెడల, అక్కడ హక్కుదారుడు అడ్డుపడగలడు.

ఇక అసలు కథ. 1995 మార్చి 28వ తేదీన అమెరికా పేటెంటు కార్యాలయము మిసిసిప్పి విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్య కేంద్రమునకు ఒక పేటెంటు ఇచ్చినది. దాని సంఖ్య 54,01,504. గాయము మానుటకు పసుపుపొడిని వాడుట అందలి విషయము. దరఖాస్తు చేసినవారు భారత సంతతికి చెందిన ఇద్దరు పరిశోధకులు! చిన్ననాట వారి మోకాళ్లకు పసుపు తగిలియే యుండునని మేమనుకొనుచున్నాము. మన దేశములోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి, అనగా సి.ఎస్.ఐ.ఆర్., 1996లో ఈ పేటెంటును తిరిగి పరిశీలింపవలసినదని అమెరికా కార్యాలయమును కోరినది. అప్పుడు ఆ మండలికి డైరెక్టరు జనరలుగా నున్నవారు డాక్టరు రఘునాథ్ మషేల్కర్ గారు.

"ఇది మా దేశములో ప్రతి ముసలమ్మకు తెలిసినదే" అని చెప్పిన చాలునని మనకు తోచును. చాలలేదు. ఆ కాలపు అమెరికా చట్టము ప్రకారము, ఒక విషయము అమెరికాలో ప్రజలకు తెలిసియున్నను, అక్కడ వాడుకలో నున్నను పేటెంటు రాదు. ఇతర దేశములలో తెలిసియున్నంత మాత్రమున మాత్రము ఆటంకము లేదు. అది అచ్చైన గ్రంథములో నుండవలెను, లేదా ముందే పేటెంటు పొందియుండవలెను. అనగా గుంటూరు జిల్లాలో లక్షమంది తల్లుల నోటిలో నున్న మాటకు ఆ కార్యాలయములో విలువ లేదు. అచ్చైన ఒక్క పుటకు విలువ యున్నది. అందుచేత మన శాస్త్రజ్ఞులు గ్రంథాలయములు గాలించిరి. సంస్కృతము, ఉర్దూ, హిందీ భాషల పుస్తకముల నుండి, వైద్య పత్రికల నుండి 32 ఆధారములు చూపిరి. వానిలో కొన్ని నూరేండ్లకు పైబడినవి. 1953లో భారత వైద్య సంఘపు పత్రికలో అచ్చైన వ్యాసము వానిలో నొకటి. 1997లో అమెరికా కార్యాలయము ఆ పేటెంటులోని అంశములన్నింటిని త్రోసిపుచ్చినది. మన దేశపు సంప్రదాయ విజ్ఞానము ఆధారముగా అమెరికాలో ఒక పేటెంటు రద్దగుటకు ఇది పేరుపడిన తొలి ఉదాహరణము.

మనము గెలిచితిమి, సంతోషమే. కాని ఎట్లు గెలిచితిమో గమనింపుడు. పసుపు పెద్ద సంగతి. దానిని గూర్చి వ్రాయని వైద్యగ్రంథము లేదు. ఏ గ్రంథమునకును ఎక్కని ఆకు సంగతి యేమి? మీ గ్రామపు గుట్టమీద మాత్రమే మొలచు మొక్క, ఒక్క కుటుంబమునకు మాత్రమే తెలిసిన పసరు సంగతి యేమి? అది వచ్చినచో ఏ పుస్తకము తెరచి చూపగలము?

అమెరికా చట్టములోని ఆ లోపము 2013 మార్చిలో చాలవరకు సవరింపబడినది. ఇప్పుడు లోకములో ఎక్కడనైనను ప్రజలకు అందుబాటులో నున్న విషయమునకు అక్కడ పేటెంటు దొరకరాదు. అయినను దరఖాస్తును పరిశీలించు అధికారి తన బల్లముందు కూర్చుండి, తనకు చదువరాని భాషలోనున్న మాటను, అసలు వ్రాయని మాటను ఎట్లు కనుగొనగలడు? చట్టము మారినను రుజువు చూపవలసిన పని మిగిలియే యున్నది.

వేపచెట్టు విషయములో ఈ పోరాటము ఇంకను దీర్ఘముగా సాగినది. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టు పద్ధతికి ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో గ్రేస్ అను అమెరికా కంపెనీకిని, ఆ దేశపు వ్యవసాయ శాఖకును కలిపి పేటెంటు ఇచ్చినది. డాక్టరు వందనా శివ, ఐరోపా పార్లమెంటులోని పర్యావరణవాదులు, సేంద్రియ వ్యవసాయ సంఘముల అంతర్జాతీయ సమాఖ్య కలిసి 1995లో ఆక్షేపణ తెలిపిరి. 2000 మే నెలలో అది రద్దయినది. అప్పీలు 2005 మార్చిలో కొట్టివేయబడినది. ఆక్షేపణ మొదలు తుది తీర్పు వరకు పది సంవత్సరములు! ఒక్కొక్క ఆకు కొరకు పదేసి సంవత్సరములు కోర్టులవెంట తిరుగుటకు ఏ దేశమునకును ఓపిక చాలదు.

అందుచేతనే 2001లో సి.ఎస్.ఐ.ఆర్. మండలియు, నేడు ఆయుష్ అని పిలువబడు శాఖయు కలిసి సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును ప్రారంభించినవి. ఆయుర్వేద, సిద్ధ, యునాని గ్రంథములలోని యోగములను, అనగా మందుల కూర్పులను, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి మార్చి కంప్యూటరులో భద్రపరచిరి. వాని సంఖ్య నేడు 4 లక్షలకు పైబడియున్నది. 2009లో ఐరోపా పేటెంటు కార్యాలయముతో ఒడంబడిక కుదిరినది. తరువాత అమెరికా, జపాను మొదలగు దేశములతోను కుదిరినది. పసుపు, వేపల విషయములో సంవత్సరములు పట్టిన పనిని, ఇప్పుడు పేటెంటు ఇవ్వకముందే అధికారి తన యంత్రములో వెదకి చూడగలడు. ఇది నిజముగా గొప్ప పని. కాని ఇది ప్రధానముగా గ్రంథముల గ్రంథాలయమే. శ్లోకముగా వ్రాయబడినది అందు చేరినది; గొర్రెల కాపరి నోటనున్నది చేరలేదు.

ఈ గ్రంథాలయమును గూర్చి రెండు అభిప్రాయములు వినబడుచున్నవి. దాచిపెట్టినచో దేశీయ పరిశోధనకు ఉపయోగపడదని కొందరి వాదము. తెరచిపెట్టినచో పరాయివారు చూచి స్వల్పముగా మార్చి తమదనిపించుకొందురని మరికొందరి భయము. చాలకాలము పేటెంటు కార్యాలయములకు మాత్రమే ప్రవేశముండెను. 2022 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఇతరులకును క్రమముగా ప్రవేశము కల్పించుటకు అంగీకరించినది. రెండు వాదములలోను సత్యమున్నది. గ్రామములలో రిజిస్టరు వ్రాయునపుడును ఇదే సందేహము వచ్చును. ఆ సంగతికి మరల వచ్చెదము.

మన దేశపు చట్టము ఈ విషయములో గ్రామస్థునకు చాల అనుకూలముగ నున్నదని సభ్యులలో పలువురకు తెలియదు. 1970 నాటి పేటెంటుల చట్టమునకు తరువాతి కాలమున చేసిన సవరణల ప్రకారము, సంప్రదాయ విజ్ఞానమే అయిన విషయమునకు మన దేశములో పేటెంటు ఇవ్వరాదు. మొక్కలకు, విత్తనములకు ఇవ్వరాదు. దరఖాస్తు ప్రచురింపబడిన పిదప, పేటెంటు ఇవ్వబడక ముందు ఎవరైనను వ్రాతమూలకముగా ఆక్షేపణ తెలుపవచ్చును. ఆ విషయము ఒక స్థానిక సమాజములో నోటిమాటగా నైనను ముందే తెలిసియున్నదను సంగతి ఆక్షేపణకు తగిన కారణమని చట్టమే చెప్పుచున్నది. అమెరికా చట్టము నాడు కాదనిన నోటిమాటను మన చట్టము అంగీకరించుచున్నది. అయితే ఆ మాట ఎవరిదో, ఎప్పటిదో చూపువాడు కావలెను.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ఇంకొక కాపుదలను కల్పించినది. మన దేశపు జీవసంపద ఆధారముగా పేటెంటు కోరు విదేశీయులు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతిని పొందవలెను. 2023 సవరణ తరువాత స్వదేశీయులు అదే సంస్థ వద్ద నమోదు చేయించుకొనవలెను. ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును వ్రాయించి భద్రపరచవలెనని ఈ చట్టమును, దాని నిబంధనలును విధించుచున్నవి. వ్యాపారము కొరకు వచ్చి ఆకులు, బెరడులు సేకరించుకొని పోవువారినుండి రుసుము వసూలు చేయు అధికారము కూడ ఈ కమిటీకి కలదు. స్థానికులు తమ అవసరములకు వాడుకొనుటకు ఎట్టి ఆటంకమును లేదు.

ఈ చట్టము కాగితముమీదనే యున్నదని విమర్శించువారికి అమరచింత సంగతి చెప్పవచ్చును. నాటి మహబూబ్‌నగరు జిల్లాలోని ఆ గ్రామమునుండి హైదరాబాదుకు చెందిన ఒక సంస్థ 2 టన్నుల ఎండు వేపాకును జపానుకు ఎగుమతి చేసినది. అందుకు జాతీయ సంస్థకు సుమారు 55 వేల రూపాయలు చెల్లించినది. అందులో కొంత సొమ్ము వేపమొక్కలు నాటుటకును, ప్రజలకు ఈ విషయములు తెలియజేయుటకును అమరచింత కమిటీకి తిరిగి చేరినది. మొత్తము పెద్దది కాదు. ఒక జత ఎద్దులు కూడ రావు. కాని వేపాకుకు ధర కట్టి, ఆ ధరలో గ్రామమునకు పాలున్నదని అంగీకరించుట చిన్న విషయము కాదు.

ఇక రిజిస్టరుల స్థితి యెట్లున్నది? ఇచ్చట కొంత కటువుగా చెప్పవలసియున్నది. చట్టము వచ్చిన పదునాలుగేండ్లకు గూడ దేశములో అత్యధిక గ్రామములకు కమిటీలే లేవు. 2016లో ఈ విషయము జాతీయ హరిత ట్రిబ్యునలు ముందుకు వచ్చినది. 2020 జనవరి 31 లోపల పని ముగింపనియెడల ఒక్కొక్క రాష్ట్రము నెలకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని ట్రిబ్యునలు ఆదేశించినది. దానితో పని వేగముగా సాగి, కమిటీల సంఖ్య 2 లక్షలు దాటినది. వేగముతోపాటు తొందరయు వచ్చినది. ఆ దినములలో వ్రాసిన ఒక రిజిస్టరును మేము ఒక గ్రామములో చూచితిమి. అట్ట చక్కగా నున్నది. లోపల వేప, తులసి, కానుగ, తంగేడు మొదలైన పేర్లు వరుసగా నున్నవి. "ఉపయోగము" అను గడిలో మొదటినుండి చివరివరకు ఒకే మాట: "ఔషధము". ఏ భాగము, ఏ జబ్బునకు, ఎట్లు, ఎవరు వాడుదురు అను వివరము ఒక్కటియు లేదు. ఆ పుటలను ఏ పేటెంటు అధికారి ముందు పెట్టినను ఉపయోగము లేదు. తంగేడు ఔషధమని లోకమునకంతకు తెలియును.

ఆ కార్యాలయపు మెట్లమీదనే ఒక గొర్రెల కాపరి కూర్చుండి యుండెను. ఆయన మందకు పొట్ట ఉబ్బినపుడు గాని, గిట్టలు పుండ్లు పడినపుడు గాని పశువుల ఆసుపత్రికి పోవుట అరుదని ప్రక్కవారు చెప్పిరి. "రిజిస్టరు రాసినప్పుడు మిమ్మల్ని అడిగారా?" అని మేము ప్రశ్నింపగా, "నన్నెవరు అడుగుతారు బాబూ, నాకు చదువు రాదుగా" అని ఆయన బదులు చెప్పిరి. ఏ రిజిస్టరుకైనను మొదట అడుగవలసినవారు ఇట్టివారే. మంత్రసానులు, గొర్రెల కాపరులు, ఎముకలు కట్టువారు, అడవికి పోయి తేనె తెచ్చువారు, పాత విత్తనములను కుండలలో దాచుకొను ఆడవారు. 2004 నాటి నిబంధనలు కమిటీలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెనని చెప్పినది ఊరకనే కాదు.

విత్తనముల మాట వచ్చినది గనుక ఇంకొక వదంతిని గూర్చి రెండు మాటలు. విత్తనము దాచుకొని మరల చల్లిన రైతును కంపెనీలవారు జైలుకు పంపుదురను మాట పుట్టుటకు ఒక కారణమున్నది. 2019లో పెప్సికో కంపెనీ తాను రిజిస్టరు చేయించుకొనిన బంగాళాదుంప రకమును పండించిరని గుజరాతులో కొందరు రైతులపై దావాలు వేసినది. కొందరిపై కోటి రూపాయలకు మించి పరిహారము కోరినది. ప్రజలలో ఆగ్రహము కలుగగా అదే సంవత్సరము మే నెలలో దావాలను ఉపసంహరించుకొనినది. ఆ రకపు రిజిస్ట్రేషను 2021లో రద్దు చేయబడెను. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును త్రోసివేసినది. ఈ వ్యాజ్యములు ఎట్లున్నను, 2001 నాటి వంగడముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనుటకు, చల్లుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు గూడ హక్కు నిచ్చుచున్నది. కంపెనీ పేరు వేసి, సంచి కట్టి అమ్మరాదు, అంతియే. అది పేటెంటు కాదు. అట్లే బనగానపల్లి మామిడికి 2017లో లభించినదియు పేటెంటు కాదు. అది భౌగోళిక గుర్తింపు. ఆ ప్రాంతపు పండునకు మాత్రమే ఆ పేరు చెల్లునని దాని భావము.

మరల రిజిస్టరుకు వచ్చెదము. వ్రాయుటకు పూనుకొనినచో మొక్క పేరును ఊరివారు పిలుచు పేరుతోనే వ్రాయవలెను. శాస్త్రీయ నామమును కళాశాల అధ్యాపకులో, అటవీ శాఖవారో తరువాత చేర్పగలరు. ఆకా, బెరడా, వేరా, పచ్చిదా, ఎండినదా, దేనితో కలిపి, ఏ జబ్బునకు, మనిషికా, పశువునకా అని అడుగవలెను. చెప్పినవారి పేరును, వారికి ఎవరు నేర్పిరో ఆ పేరును వ్రాయవలెను. అన్నింటికన్న ముఖ్యము తేదీ. పేటెంటు తగాదాలలో అంతయు తేదీపై నిలుచును. దరఖాస్తు పడిన మరునాడు వ్రాసిన పుటకు బలము తక్కువ. వ్రాసినదానిని గ్రామసభలో చదివి సంతకములు చేయించినచో, అది ఒక గుమాస్తా వ్రాత గాక ఊరి మాట యగును.

వ్రాసినచో దొంగకు దారి చూపినట్లు కాదా అని వివేకవంతులు అడుగుదురు. మా అభిప్రాయము ఇది. ఊరందరకు తెలిసిన విషయమును వ్రాయుటవలన మేలేకాని కీడు లేదు. ఒక కుటుంబము తరతరములుగా గోప్యముగా ఉంచుకొనిన విషయమైనచో, వారి సమ్మతి లేక వ్రాయరాదు. ఫలానావారు ఫలానా జబ్బునకు మందు ఇచ్చుదురని మాత్రము వ్రాసి విడువవలెను. రిజిస్టరు కమిటీ స్వాధీనములో నుండవలసినది. ఎవరో వచ్చి పరిశోధన అని చెప్పినంతనే సెల్‌ఫోనుతో పుటలన్నింటిని ఫొటో తీసుకొననీయరాదు. వచ్చినవారు ఎవరో, దేనికొరకో వ్రాసియిమ్మని కోరుట మర్యాదకు భంగము కాదు.

మేము చెప్పిన గ్రామమునకు ఆరు మాసముల తరువాత మరల పోయితిమి. పాత రిజిస్టరు బీరువాలోనే యున్నది. దాని ప్రక్కన ఒక నూరు పుటల నోటుపుస్తకము చేరియున్నది. ఉన్నత పాఠశాలలో చదువు ఇద్దరు బాలికలు ఆదివారములందు ఇంటింటికి పోయి వ్రాయుచున్నారట. గొర్రెల కాపరి చెప్పిన సంగతులు అందులో రెండు పుటలు నిండినవి. క్రింద తేదీ వేసి ఆయన వేలిముద్ర తీసికొనిరి. చివరి వరుసలో పాముకాటు మందు అని వ్రాసి, ఎదుటి గడిని ఖాళీగా వదలిరి. అది మా అయ్య ఒట్టు పెట్టించుకొని చెప్పినదని, నా కొడుకుకు తప్ప చెప్పనని ఆయన అనెనట. వార్డు సభ్యురాలు, "పాము కరిస్తే మాత్రం ఆసుపత్రికే తీసుకుపో అన్నా" అని గట్టిగా చెప్పి, ఆ గడిని అట్లే వదలివేయుమని బాలికలతో అనిరట.